ఆరిపోని జెల్‌కు అసలు చిక్కు తేమతోనే

ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి అంటించే ప్యాడ్‌ల కవరు చించాక ఎక్కువ రోజులు ఉంచకుండా వాడేయమంటారు. ఆ జెల్‌లో ఉన్న నీరు గాలికి ఆవిరైపోతే జెల్ గట్టిపడి, చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య సిగ్నల్ సరిగా అందదు. నీటితో చేసే జెల్‌లు అన్నింటికీ ఉన్న ఇబ్బందే ఇది. ఎండితే ముడుచుకుంటాయి, బాగా చలిలో గడ్డకడతాయి, వేడెక్కితే నీరు వదులుతాయి. పైగా 1.23 వోల్టులు దాటితే నీరే హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోగలదు కాబట్టి ఎక్కువ వోల్టేజీ కావలసిన సూపర్ కెపాసిటర్లకు, బ్యాటరీలకు ఈ జెల్‌లు పెద్దగా పనికిరావు.

నీటి స్థానంలో దాదాపు ఆవిరే కాని ద్రవాన్ని పెట్టి, దాన్ని పాలిమర్ వలలోనో సిలికా వలలోనో పట్టి ఉంచితే వచ్చేవే అయనోజెల్‌లు, యూటెక్టోజెల్‌లు. మొదటి రకంలో ఉండేది అయానిక్ లిక్విడ్, అంటే గది వేడికే ద్రవంగా ఉండే లవణం. రెండో రకంలో డీప్ యూటెక్టిక్ ద్రావణి, అంటే విడివిడిగా కన్నా చాలా తక్కువ వేడికే కరిగే పదార్థాల మిశ్రమం. ఇవి ఆరిపోవన్న మాట నిజమే. అయితే చేయడానికి కూర్చున్నవారిని సతాయించేది నీరు పోవడం కాదు, నీరు వచ్చి చేరడం. జెల్ ఎందుకు తెల్లబడింది, ఎందుకు మెత్తబడింది, నిన్నటి రీడింగు ఇవాళ ఎందుకు రాలేదు అని వెతుక్కుంటూ వెళ్తే చాలాసార్లు తేలేది తేమ దగ్గరే.

ద్రావణిని అర్థం చేసుకుంటేనే

వంట ఉప్పు కరగడానికి 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. సోడియం, క్లోరైడ్ అయాన్లు చిన్నవి, గుండ్రటివి. ఒకదాని పక్కన ఒకటి బిగుతుగా పేరుకుంటాయి. అయాన్లు పెద్దవిగా, వంకరటింకరగా ఉంటే అలా పేరుకోలేవు, గది వేడికే ద్రవంగా ఉండిపోతాయి. 12 డిగ్రీలకే కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ 1914లోనే రాశాడు. గాలికీ నీటికీ తట్టుకునే ఇమిడజోలియం ద్రవాలను విల్క్స్, జావరట్కో 1992లో చూపించాకే ఈ రంగం ఊపందుకుంది. జెల్‌ల పనిలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇథైల్ మిథైల్ ఇమిడజోలియం టీఎఫ్‌ఎస్‌ఐ (టీఎఫ్‌ఎస్‌ఐ అన్నది ఫ్లోరిన్ ఉన్న ఒక పెద్ద రుణ అయాన్). ఇది నీటికన్నా ముప్పై అయిదు రెట్ల వరకు చిక్కన, వాహకత (విద్యుత్తును పోనిచ్చే గుణం) సెంటీమీటరుకు 8-9 మిల్లీసీమెన్స్, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.52 గ్రాములు. ఈ సాంద్రతను మర్చిపోతే లెక్కలు తప్పుతాయి. బరువులో 80 శాతం ద్రవం ఉన్న జెల్ ఘనపరిమాణంలోనూ 80 శాతమే అని చెప్పలేం.

దీని ధర ఎక్కువ. అందుకే డీప్ యూటెక్టిక్ ద్రావణుల వైపు చూపు మళ్లింది. 302 డిగ్రీలకు కరిగే కోలిన్ క్లోరైడ్‌ను, 133 డిగ్రీలకు కరిగే యూరియాను ఒకటికి రెండు మోల్స్ చొప్పున కలిపితే 12 డిగ్రీలకే ద్రవంగా ఉంటుందని ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఆబట్ బృందం 2003లో ప్రకటించింది. ఆ తర్వాత బాగా ఆరబెట్టిన నమూనాల్లో కొలిస్తే ఆ అంకె పది డిగ్రీలకు పైగా ఎక్కువ వచ్చింది. కొద్దిపాటి నీరే ఘనీభవన స్థానాన్ని అంత కిందికి లాగుతుంది. రెండు పదార్థాల మిశ్రమం అని కాగితం మీద రాసుకున్నది చాలాసార్లు మూడు పదార్థాల మిశ్రమమే.

కోలిన్ క్లోరైడ్ మనకు కొత్తది కాదు, కోళ్ల దాణాలో కలిపేదే. అయితే దాణా దుకాణంలో దొరికేది సాధారణంగా మొక్కజొన్న కండెల పొడిలోకి ఇంకించిన 60 శాతం సరుకు, లేదా 75 శాతం నీటి ద్రావణం. చవగ్గా వస్తుంది కదా అని వాటితో జెల్ మొదలుపెడితే పొట్టు వడపోయడంతోనో, నీరు తీయడంతోనో రోజు గడిచిపోతుంది. 98 శాతం పైబడిన శుద్ధత ఉన్న స్ఫటికాలే తీసుకోవాలి. సీసా మూత తీయగానే చేపల వాసన గుప్పుమంటే లోపల ట్రైమిథైల్ అమీన్ పుట్టిందని అర్థం. ఆ సీసాను పక్కన పెట్టేయడం మేలు.

వల, ద్రవం ఒకదానికొకటి సరిపడాలి

ద్రావణి మారినా వల తన పని తాను చేసుకుపోతుందనుకుంటే పొరపాటు. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్‌నే చూడండి. నీటిలో అది 32 డిగ్రీల దాకా కరిగి ఉండి, ఆపైన విడిపోతుంది. అదే పాలిమర్ ఇథైల్ మిథైల్ ఇమిడజోలియం టీఎఫ్‌ఎస్‌ఐలో చల్లగా ఉన్నప్పుడు విడిపోయి, వేడి చేస్తే కరుగుతుంది. స్వభావం పూర్తిగా తిరగబడింది. హైడ్రోజెల్‌ల అనుభవాన్ని ఇక్కడికి తెచ్చి ఊహించబోతే ఎదురుదెబ్బ తగిలేది ఇందుకే.

అందువల్ల ముందు చూడవలసింది ఏ పాలిమర్ ఏ ద్రవానికి అతుకుతుందన్నది. పాలీ మిథైల్ మెథాక్రిలేట్ టీఎఫ్‌ఎస్‌ఐ ద్రవంతో చక్కగా కలిసిపోయి పారదర్శకమైన జెల్ ఇస్తుంది. జపాన్‌లోని యోకొహామాలో వతనబె బృందం 2005లో ఈ దారినే చూపింది. సెల్యులోజ్‌కు టీఎఫ్‌ఎస్‌ఐ ద్రవాలు పనికిరావు. హైడ్రోజన్ బంధాలను విప్పగల క్లోరైడ్ లేదా అసిటేట్ అయాన్ కావాలి. జెలటిన్‌కు హైడ్రోజన్ బంధాలిచ్చే యూటెక్టిక్ ద్రావణులు సరిపడతాయి, కానీ యూరియా ఉన్నదాన్ని ఎంచుకోవడం తెలివైన పని కాదు. జెలటిన్ గొలుసులు మూడేసి పురిపెట్టుకుని ముడులు వేసుకుంటేనే జెల్ కడుతుంది. యూరియా నీటిలోనే ఆ పురిని విప్పేస్తుంది. ఫ్లోరిన్ ఉన్న పీవీడీఎఫ్ జాతి పాలిమర్‌లతో అసిటేట్ ద్రవాలను కలపకూడదు, క్షార స్వభావం ఆ గొలుసు నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను ఊడగొట్టి పదార్థాన్ని గోధుమరంగులోకి తిప్పుతుంది.

తేమ ప్రతిసారీ శత్రువే అనడానికీ లేదు. బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్‌లో 15 శాతం సెల్యులోజ్‌ను వేడిచేసి కరిగించి, గది వాతావరణంలో వారం రోజులు వదిలేస్తే జెల్ అవుతుందని జపాన్‌లోని కగోషిమాలో కడొకవ బృందం చూపింది. గాలిలోని తేమను ఆ ద్రవం మెల్లగా పీల్చుకుంటుంది, సెల్యులోజ్ గొలుసులు కొద్దికొద్దిగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే నీటిని ఒక్కసారిగా పోస్తే జెల్ రాదు, తెల్లటి తునకలుగా అవక్షేపం దిగుతుంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్‌తోనూ ఇదే ద్రవంలో జెల్‌లు చేశారు.

జెలటిన్ యూటెక్టోజెల్: తూకం నుంచి అచ్చు దాకా

తక్కువ ఖర్చుతో, ప్రమాదకర మోనోమర్లు (పాలిమర్ గొలుసు కట్టే చిన్న అణువులు) లేకుండా మొదలుపెట్టాలంటే కోలిన్ క్లోరైడ్, ఇథిలీన్ గ్లైకాల్, జెలటిన్ చాలు. సాగే అయానిక చర్మాల (సాగుదలను, ఒత్తిడిని పసిగట్టే చర్మం లాంటి పొరల) కోసం 22 శాతం జెలటిన్‌తో ఈ మిశ్రమాన్ని 2019లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. చర్మానికి తగిలే పనైతే ఇథిలీన్ గ్లైకాల్ బదులు గ్లిసరాల్ వాడడం మంచిది. గ్లైకాల్ లోపలికి వెళ్తే మూత్రపిండాలను దెబ్బతీసే విషం. గ్లిసరాల్‌తో చిక్కదనం పెరిగి, ద్రవం వాహకత సుమారు 7 నుంచి సుమారు 1 మిల్లీసీమెన్స్‌కు పడిపోతుంది. ఆ మేరకు రాజీపడాలి.

20 గ్రాముల జెల్‌కు లెక్క ఇలా ఉంటుంది. ద్రావణి 15.6 గ్రాములు, జెలటిన్ 4.4 గ్రాములు. ఒకటికి రెండు మోల్స్ నిష్పత్తిలో ఆ 15.6 గ్రాముల్లో కోలిన్ క్లోరైడ్ 8.26 గ్రాములు, ఇథిలీన్ గ్లైకాల్ 7.34 గ్రాములు పడతాయి. గ్లైకాల్‌ను కొలిచి పోసేవారికి అది 6.6 మిల్లీలీటర్లు. కోలిన్ క్లోరైడ్‌ను ముందురోజే వాక్యూమ్ ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, తేమ చేరనివ్వని మూతపాత్ర అయిన డెసికేటర్‌లో చల్లార్చుకోవాలి. తూకం వేసేటప్పుడు ఆలస్యం పనికిరాదు. వానాకాలంలో త్రాసు మీద పెట్టిన స్ఫటికాలు చూస్తుండగానే తడిబారి ఒకదానికొకటి అంటుకుంటాయి. త్రాసు అంకె నిలకడగా ఆగకుండా పైకే పాకుతోందంటే అది గాలిలోంచి వచ్చిన నీటి బరువే. అందుకే మూత ఉన్న సీసాలో ముందుగా గ్లైకాల్ తూచుకుని, అందులోకే కోలిన్ క్లోరైడ్‌ను వేయడం నయం.

మూత బిగించి 70-80 డిగ్రీల దగ్గర అయస్కాంత కడ్డీతో కలుపుతుంటే కొద్దిసేపటికి తేటైన ద్రవం వస్తుంది. ఇక్కడ తొందరపడి వేడి పెంచనక్కర్లేదు. కార్బాక్సిలిక్ ఆమ్లాలతో చేసే యూటెక్టిక్‌లలోనైతే వేడికి ఆమ్లమూ కోలినూ కలిసి ఎస్టర్ ఏర్పడి, ఆ చర్యలోనే నీరు పుడుతుంది. బయటి తేమను ఎంత ఆపినా లోపలి నుంచే నీరు వస్తుందన్నమాట.

జెలటిన్ 250-300 బ్లూమ్‌ది (బ్లూమ్ అంటే జెలటిన్ బలాన్ని చెప్పే అంకె) అయితే వల గట్టిగా వస్తుంది. కేకుల సామాను దుకాణంలో బ్లూమ్ అంకె లేకుండా అమ్మే పొడితోనూ జెల్ కడుతుంది గానీ ప్యాకెట్ ప్యాకెట్‌కూ బలం మారిపోతుంది. నీటిలోలాగా చల్లగా నానబెట్టి తర్వాత కరిగిద్దామంటే కుదరదు, ఈ ద్రావణిలో పొడి ఉబ్బడం చాలా నెమ్మది. ద్రవం 80 డిగ్రీల దగ్గర ఉండగా చిటికెడు చిటికెడుగా చల్లుతూ కలపాలి. ఒక్కసారిగా వంపితే పైపొర జిగురుగా మారి లోపల పొడి అలాగే ఉండిపోయిన ఉండలు కడతాయి, గంటసేపు కలిపినా అవి కరగవు. అలాగని గంటల తరబడి వేడిలో ఉంచినా నష్టమే. గొలుసులు తెగి, చల్లారాక జెల్ సాగకుండా తునిగిపోతుంది. పొడి అంతా కలిసి తేనెరంగు ద్రవం కాగానే ఆపేయాలి.

చిక్కటి ద్రవంలో చిక్కుకున్న బుడగలు తర్వాత పగుళ్లకు మొదలవుతాయి. కలపడం ఆపి, మూత పెట్టి 70 డిగ్రీల ఓవెన్‌లో కదపకుండా ఉంచితే చాలావరకు పైకి తేలతాయి. వాక్యూమ్ పెట్టేవారు ఒత్తిడిని అంచెలంచెలుగా తగ్గించాలి, లేకపోతే నురగ పొంగి పొర్లుతుంది. వేడిచేసిన సిలికాన్ లేదా టెఫ్లాన్ అచ్చులో పోసి, మూసిన డబ్బాలో రాత్రంతా వదిలేయాలి. పురి నెమ్మదిగా పడుతుంది కాబట్టి గంటలో గట్టిపడినట్టు కనిపించినా మర్నాటికి బలం ఇంకా పెరుగుతుంది. పరీక్షలు ఆ తర్వాతే చేయాలి. ఈ జెల్ వేడికి మళ్లీ కరిగేది. ఎండలో ఆపిన కారు లోపలి వేడిని తట్టుకుంటుందని పరీక్షించకుండా నమ్మకూడదు.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా నీరు ఎక్కడి నుంచి వస్తుంది? జెలటిన్ పొడిలోంచే. మామూలు జెలటిన్‌లో 10-13 శాతం తేమ ఉంటుంది. 4.4 గ్రాముల్లో అర గ్రాము నీరన్నమాట. మొత్తం జెల్‌లో అది రెండున్నర శాతం. ద్రావణిని ఎంత పొడిగా ఉంచామో రాసుకుని జెలటిన్‌ను లెక్కలోకి తీసుకోకపోతే ఆ కష్టమంతా వృథా.

ఆపైన గాలి తన వంతు వేస్తుంది. తేమ గాలిలో ఈ జెల్ నీరు పీల్చుకుంటుంది, చిక్కదనం తగ్గి అయాన్లు వేగంగా కదులుతాయి, వాహకత పెరుగుతుంది, పదార్థం మెత్తబడుతుంది. మూత లేకుండా ఉంచిన జెల్ మర్నాటికి ఇంకా మంచి వాహకత చూపిందంటే సంతోషించాల్సిన పని లేదు. విశాఖలో ఆగస్టులో కొలిచిన అంకె హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో రాదు. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన చాంబర్ అక్కర్లేదు. మూసిన డబ్బాలో గిన్నెడు సంతృప్త ఉప్పు ద్రావణం పెడితే 25 డిగ్రీల దగ్గర లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది; మెగ్నీషియం క్లోరైడ్‌తో 33 శాతం. రెండు డబ్బాల్లో రెండు ముక్కలుంచి, బరువు మారడం ఆగాక కొలిస్తే జెల్ అసలు స్వరూపం బయటపడుతుంది. నీటి శాతం కచ్చితంగా కావాలంటే కార్ల్ ఫిషర్ టైట్రేషన్ ఉంది.

పొర తెల్లబడితే

టీఎఫ్‌ఎస్‌ఐ ద్రవం నీటితో కలవదు గనక తేమ బెడద లేదనుకుంటారు. కలవకపోయినా గాలిలోంచి బరువులో ఒకటి రెండు శాతం దాకా తీసుకోగలదు, నాలుగు వోల్టులు దాటే దాని వినియోగ పరిధిని కుదించడానికి ఆ మాత్రం చాలు. అసలు దెబ్బ మాత్రం పొర పోసేటప్పుడే తగులుతుంది.

ట్రాన్సిస్టర్ గేట్‌ల కోసం కత్తిరించి అంటించే జెల్ పొరకు వాడుకలో ఉన్న నిష్పత్తి పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ ఒక వంతు, అయానిక్ లిక్విడ్ నాలుగు వంతులు, అసిటోన్ ఏడు వంతులు, అన్నీ బరువులోనే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రిస్బీ, లాడ్జ్ బృందాలు 2012లో ఇచ్చిన పద్ధతి ఇది. ఒక గ్రాము పాలిమర్‌తో మొదలుపెట్టి పది సెంటీమీటర్ల చదరపు గాజుపలక మీద పోస్తే, అసిటోన్ పోయాక మిగిలే పొర మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. తర్వాత వాక్యూమ్‌లో 70 డిగ్రీల వద్ద ఒక రోజు ఆరబెట్టి, బ్లేడుతో కోసి పట్టకారుతో ఎత్తి అతికించడమే.

సరిగా వస్తే ఆ పొర గాజులా ఉంటుంది. గదిలో తేమ ఎక్కువుంటే అంచుల నుంచి పాలలా తెల్లబడుతూ వస్తుంది. కారణం అసిటోన్ వేగమే. అది ఆవిరవుతూ పొరను గదికన్నా బాగా చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పొర మీద మంచులా దిగుతుంది. పాలిమర్‌కు నీరు పడదు. అక్కడికక్కడే గడ్డకట్టి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. తర్వాత ఎంత ఆరబెట్టినా ఆ రంధ్రాలు పూడవు, ద్రవం వాటిలోంచి చెమటలా బయటికి వస్తుంది. విరుగుడు సులువే: గాజుపలకను ముందే 40 డిగ్రీల దాకా వెచ్చబెట్టడం, పైన గిన్నె బోర్లించి అసిటోన్‌ను మెల్లగా పోనివ్వడం, సిలికా జెల్ పెట్టిన పెట్టెలో పని చేయడం. అసిటోన్ ఆవిరి అంటుకునేది కాబట్టి వెచ్చబెట్టే పని మంట దగ్గర, నిప్పురవ్వలొచ్చే హీటర్ దగ్గర చేయకూడదు.

సిలికా వలతో చేసే జెల్‌లకు ఈ బాధ తక్కువ. ఆల్కాక్సీసిలేన్‌ను ఫార్మిక్ ఆమ్లంతో అయానిక్ లిక్విడ్‌లోనే గట్టిపరుస్తారు. మామూలు సిలికా జెల్ ఆరేటప్పుడు పగలడానికి కారణం రంధ్రాల్లోంచి ద్రవం వెళ్లిపోతూ గోడలను లాగడం. ఇక్కడ రంధ్రాల్లోని ద్రవం ఆవిరైపోదు, అందుకే ముక్క పగలకుండా నిలుస్తుంది. కానీ పెళుసు. సాగాలీ తెగకూడదూ అంటే అక్రిలమైడ్, అక్రిలిక్ ఆమ్లం కలిపి ఇథైల్ సల్ఫేట్ అయాన్ ఉన్న అయానిక్ లిక్విడ్‌లో పాలిమరీకరించే పద్ధతి మెరుగు. ఒక పాలిమర్ ఆ ద్రవంలో కరుగుతుంది, రెండోది గట్టి ముద్దలుగా విడిపోతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ డిక్కీ బృందం 2022లో దీనితో 12 మెగాపాస్కల్స్‌కు పైగా తట్టుకునే జెల్ సాధించింది.

కొలతలో జరిగే తప్పులు

జెల్ ముక్కకు మల్టీమీటర్ తగిలించి ఓమ్స్ చదవడం అన్నిటికన్నా సాధారణమైన తప్పు. మీటరు పంపేది డీసీ. అయాన్లు ఎలక్ట్రోడ్ దగ్గర పోగై అడ్డుపడతాయి, అంకె పెరుగుతూనే పోతుంది, ఏ క్షణాన రాసుకుంటే అదే నిరోధం. ఏసీతో కొలవాలి. ఇంపీడెన్స్ యంత్రం లేకపోతే కిలోహెర్ట్జ్, ఆపై పౌనఃపున్యాల్లో పనిచేసే ఎల్‌సీఆర్ మీటరుతో, అంకె పౌనఃపున్యంతో మారని చోట చదవాలి. మందాన్ని వైశాల్యంతో, నిరోధంతో భాగిస్తే వాహకత వస్తుంది: చదరపు సెంటీమీటరు ముక్క, మిల్లీమీటరు మందం, 20 ఓమ్స్ అయితే 5 మిల్లీసీమెన్స్. మెత్తటి జెల్‌ను రెండు పలకల మధ్య బిగిస్తే మందం తగ్గి లెక్క తప్పుతుంది కాబట్టి కొలిచిన మందమున్న ప్లాస్టిక్ రింగును మధ్యలో పెట్టాలి. పలకలు స్టెయిన్‌లెస్ స్టీలువో, కార్బన్‌వో కావాలి. చేతికి అందింది కదా అని రాగి టేపు అంటిస్తే క్లోరైడ్ ఉన్న జెల్‌లో అది తినేయబడి అంచు ఆకుపచ్చగా మారుతుంది.

సాగుదలను పసిగట్టే సెన్సర్‌గా వాడేటప్పుడు ఇంకో సంగతి ఉంది. ఘనపరిమాణం మారకుండా రెట్టింపు పొడవుకు సాగితే నిరోధం నాలుగింతలవుతుంది; 10 శాతం సాగితే 21 శాతం పెరుగుతుంది. ఇంత చక్కటి సంబంధాన్ని వేడి చెడగొడుతుంది. ఈ ద్రవాల వాహకత డిగ్రీకి సుమారు రెండు నుంచి మూడు శాతం మారుతుంది, అంటే అయిదు డిగ్రీల తేడా 10-15 శాతం మార్పు తెస్తుంది. ఎయిర్ కండిషనర్ ఉన్న చల్లటి గదిలోంచి తెచ్చి మణికట్టుకు కట్టిన సెన్సర్ చేయి కదపకుండానే ఏదో కదలికను చూపిస్తుంది. పక్కనే సాగని ముక్క ఒకటి పెట్టి దాని రీడింగుతో సరిచూసుకోవాలి.

సీలు వేయడంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. సాగుతుంది, పారదర్శకం, అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి పీడీఎంఎస్ సిలికాన్‌తో కప్పేస్తారు. నీటి చుక్కను ఆపుతుంది గానీ నీటి ఆవిరి దానిలోంచి ధారాళంగా వెళ్తుంది, జెల్ బయటి తేమతో తన పాటికి తాను సమతూకానికి వచ్చేస్తుంది. ఆవిరిని నిజంగా ఆపాలంటే బ్యూటైల్ రబ్బరు కావాలి. అది నల్లగా ఉంటుంది, అంత సులువుగా అచ్చులో పోయలేం. కాబట్టి కాంతి పోవాల్సిన చోట మినహా అంచులన్నీ బ్యూటైల్‌తో మూసి, మధ్య కిటికీకి గాజుపలకనో లోహపు పూత ఉన్న ఫిల్మ్‌నో వాడతారు. మూసేముందు మాత్రం జెల్‌ను వాక్యూమ్‌లో మరోసారి ఆరబెట్టాలి, లేకపోతే అప్పటికే చేరిన నీటిని కూడా లోపలే పెట్టి బిగించినట్టవుతుంది.